స్టిక్కర్ ఊడింది, అచ్చు ఎందుకు ఊడదు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో ఇంజిన్ బోట్లు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. ఆ రెండు నెలలూ నెల్లూరు తీరంలోని తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, కొత్తకోడూరు ఒడ్డుల్లో ఫైబర్ బోట్లు ఇసుక మీదే ఉంటాయి. వలలు బాగు చేసుకోవడం, ఇంజిన్ దించి మెకానిక్కుకు అప్పజెప్పడం, పగిలినచోట ఫైబర్ అతుకు వేయించడం, వాయిదా పడ్డ పనులన్నీ అప్పుడే తెములుతాయి. బోటు చేతులు మారితే, కొన్నవాడికి పాత ఓనరు బిడ్డ పేరుతోనూ, అతను మెచ్చిన హీరో బొమ్మతోనూ, ఓడిపోయిన పార్టీ గుర్తుతోనూ పనిలేదు. ఆ స్టిక్కర్లన్నీ పీకెయ్యాలి.

పీకడం మొదలుపెట్టాక ఒకదాని వెనక ఒకటి మూడు చిక్కులు వస్తాయి. మొదట స్టిక్కర్ పైపొర, అంటే రేడియం అని మనం పిలిచే వినైల్, పెళుసెక్కి గోరంత ముక్కలుగా ఊడుతుంది. అది పోయాక జిగురు మిగిలి, దానికి ఇసుకా దుమ్మూ పట్టి నల్లగా తయారవుతుంది. జిగురు కూడా పోగొట్టి, బోటు కడిగి ఆరబెట్టి, కాస్త దూరం నుంచి చూస్తే పాత పేరు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ కనిపిస్తుంది. ఈ మూడింటినీ ఒకే శత్రువు అనుకుని జనం ఒకే ఆయుధం పట్టుకుంటారు. సాధారణంగా అది థిన్నర్ డబ్బా, లేదంటే ఉప్పుకాగితం. నిజానికి మూడూ వేరు వేరు. మొదటిది ప్లాస్టిక్కు. రెండోది జిగురు. మూడోది అసలు పదార్థమే కాదు. బోట్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఆ మూడోదాన్ని రెండోదిగా పొరబడటం వల్లే.

అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుంది?

ఫెవికాల్ తడిగా రాస్తాం. నీరు ఆరిపోయి గట్టిపడితే దానికి పట్టు వస్తుంది. స్టిక్కర్ జిగురు అట్లా ఆరిపోయేది కాదు. మెత్తగా ఉండిపోవడమే దాని బలం. అది ఎక్కువగా అక్రిలిక్ జాతి పదార్థం. దానికి రెండు గుణాలున్నాయి. వేలితో నొక్కి పెడితే చిక్కటి ద్రవంగా పారి, కంటికి కనిపించని గుంటల్లోకి దిగుతుంది. లాగితే రబ్బరు గుణం చూపించి సాగుతూ ఎదురు తిరుగుతుంది. 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే ఆయన వెనక జిగురున్న లేబుళ్ళు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. నెల్లూరు రేడియం షాపులో కంప్యూటర్ కట్టర్ మీద కోసి ఇచ్చే వినైల్ అక్షరాలు ఆ వంశంలోవే.

ఆ జిగురుకు ఫైబర్ బోటు కన్నా మంచి చోటు దొరకదు. ఫైబర్ బోటును అచ్చులో పోస్తారు. అచ్చుకు ముందుగా పూసేది జెల్‌కోటు, అంటే రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్. దాని మీద గ్లాస్ ఫైబర్ మ్యాటూ రెజినూ పొరలు పొరలుగా వేస్తారు. అచ్చు విప్పాక మనకు పైన కనిపించే నునుపంతా జెల్‌కోటే. దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఈ అర మిల్లీమీటరు లెక్క గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని పడుతుంది.

కట్టుమరం మీద స్టిక్కర్ ఎవరూ వేయలేదు, ఉప్పునీళ్ళు తాగిన కర్రకు అది పట్టదు గనక. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సాయంగా వచ్చిన ఫైబర్ బోట్లు ఒడ్డు రూపాన్నే మార్చేశాయి. వాటి పక్కల మీద ఇచ్చిన సంస్థల పేర్లూ చిహ్నాలూ ఉండేవి. దానం చేసినవాడి పేరు సముద్రంలో కూడా కనబడాలన్న ఆరాటం మన దేవాలయాల ట్యూబ్‌లైట్ల మీద చూసిందే కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాతబడితే వదులు కావాలి గదా, బిగుసుకుంటుందేం?

వినైల్ అంటే పీవీసీ. నీళ్ళ పైపుల ప్లాస్టిక్కే ఇది కూడా. పీవీసీ స్వతహాగా గట్టిది. అది వంగాలంటే అందులో నూనెవంటి మెత్తబరిచే రసాయనం కలపాలి. ఎండకు ఆ నూనె కొంత పైకి ఆవిరైపోతుంది, కొంత కిందికి జిగురులోకి దిగుతుంది. అది పోయేకొద్దీ పొర పెళుసవుతుంది, కొద్దిగా కుంచించుకుపోతుంది కూడా. పాత స్టిక్కర్ అంచు చుట్టూ నల్లటి గీత కనిపిస్తుందే, అది పొర లోపలికి ముడుచుకున్నాక బయటపడ్డ జిగురు. దుమ్ము పట్టి నల్లబడింది.

అదే సమయంలో జిగురుకు ఇంకొకటి జరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ, వేడీ, గాలిలోని ఆక్సిజనూ కలిసి జిగురు అణువుల పొడవాటి గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తాయి. ముడులు పెరిగేకొద్దీ పారే గుణం తగ్గుతుంది, గట్టిపడుతుంది. చివరికి పై పొరకు లాగుడు తట్టుకునే శక్తి ఉండదు, కింది జిగురుకు వదిలే గుణం ఉండదు. ముక్కలుగా ఊడేది అందుకే.

ఒడ్డున ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పి నిలిపే బోటుకు దక్షిణం పక్క ఏడాది మొత్తం మీద ఎక్కువ కాలుతుంది. ఒకే రోజు వేసిన రెండు స్టిక్కర్లలో ఒకటి సులువుగా వచ్చి రెండోది ప్రాణం తీయడానికి కారణం అదే. పని ఎప్పుడూ తక్కువ ఎండ తగిలిన పక్కనుంచి మొదలుపెట్టండి, చెయ్యి తిరుగుతుంది.

పొర ఎలా తీయాలి?

వేడితో. జిగురు సుమారు 50, 60 డిగ్రీల దగ్గర మళ్ళీ మెత్తబడుతుంది, పొర కూడా కాస్త వంగుతుంది. హీట్ గన్ ఉన్నవాళ్ళు ముందుగా దానికేసి చూస్తారు గానీ అది వందల డిగ్రీల గాలి కొడుతుంది. ఒకేచోట నిలిపితే జెల్‌కోటు పసుపు తిరుగుతుంది, పొంగుతుంది, లోపలి రెజిన్ కూడా చెడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు నిదానమైనా క్షేమం. ఒడ్డున కరెంటు లేదంటారా? మే నెల నెల్లూరు ఎండ ఉండగా కరెంటెందుకు? పదకొండు నుంచి మూడు గంటల మధ్య ముదురు రంగు స్టిక్కర్ దానంతటదే వేడెక్కి ఉంటుంది. చాలకపోతే వేడినీళ్ళలో ముంచిన గోనెసంచిని కాసేపు దాని మీద అదిమి పెట్టండి. అరచెయ్యి ఆనిస్తే ఎక్కువసేపు ఉంచలేనంత వేడి సరిపోతుంది.

ఒక మూలను పాత ఏటీఎం కార్డుతో లేపండి. లేచిన కొసను బోటుకు నిటారుగా మీ వైపు లాక్కోకుండా, వెనక్కి మడిచి, స్టిక్కర్ మీదుగానే బోటు పక్కకు దగ్గరగా లాగండి. అలా మడిస్తే లాగుడంతా ఒక సన్నని గీత మీదే పడుతుంది, తక్కువ బలంతో విడుతుంది. నిదానంగా లాగండి. తెగిందంటే వేడి చాలలేదని, బలం చాలలేదని కాదు. పొర సాఫీగా వస్తూ జిగురంతా బోటు మీదే మిగిలిపోతోందా? వేడి ఎక్కువైందని అర్థం. బాగా వేడెక్కిన జిగురు బోటు నుంచి విడవడానికి బదులు తనలో తాను రెండుగా చీలుతుంది. ఈ రెండింటి నడుమ ఉండే వేడిని పట్టుకోవడం రెండో మూడో అక్షరం దగ్గర వస్తుంది. మొదటి అక్షరం దగ్గర ఎవరికీ రాదు.

పూర్తిగా పెంకులైపోయిన స్టిక్కర్ లాగితే రాదు. దానికి డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రం ఉంది, కార్ల స్టిక్కర్లు తీసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. అది కోయదు, అరగదీసి ఒలుస్తుంది. ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. లేకపోతే రాపిడి వేడికి జెల్‌కోటు కమురుతుంది. బ్లేడూ చేపల కత్తీ మాత్రం దూరంగా పెట్టండి. జెల్‌కోటును దాటి దిగిన గీతలోంచి నీరు గ్లాస్ ఫైబర్‌లోకి పాకుతుంది.

జిగురుకు ఏది మందు: కిరసనాయిలా, థిన్నరా, కొబ్బరినూనా?

నీళ్ళూ సబ్బూ పనిచేయవు. జిగురు నూనె స్వభావం ఉన్నది, నూనె జాతివాటితోనే కలుస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. ఎండకు ముడులు పడిన పాత జిగురు దేనిలోనూ పూర్తిగా కరగదు. అది ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే పట్టు వదులుతుంది. ఉబ్బడానికి సమయం కావాలి. రాసిన వెంటనే గుడ్డతో రుద్దితే జరిగేదల్లా, ఒకచోట ఉన్న జిగురు నాలుగు చోట్లకు పాకడం.

కాబట్టి కిరసనాయిలు గానీ, టర్పెంటైన్ గానీ, నీలగిరి తైలం గానీ, ఏదీ లేకపోతే కొబ్బరినూనె గానీ ఒక పాత గుడ్డకు పట్టించి జిగురు మీద పరచండి. ఆరిపోకుండా పైన పాలిథిన్ కవరు కప్పండి. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ పనిలో అత్యంత కష్టమైన ఘట్టం ఇదే, ఏమీ చేయకుండా కూర్చోవడం. తర్వాత ప్లాస్టిక్ కార్డుతో తోస్తే జిగురు ఉండలు కట్టి వస్తుంది. మిగిలితే ఇంకోసారి, అంతే. కొబ్బరినూనె అన్నింటికన్నా నిదానం, కానీ చేతికీ బోటుకీ హాని లేనిది.

పొర తీయడానికి మిట్టమధ్యాహ్నం మంచిదైతే జిగురు తీయడానికి సాయంత్రం మంచిది. కాలే బోటు మీద థిన్నరో స్పిరిటో వేస్తే జిగురులోకి దిగేలోపే ఆవిరైపోతుంది, పలచబడ్డ జిగురు మరింత మేర పరుచుకుని అక్కడే గట్టిపడుతుంది.

అసిటోన్ సంగతి వేరు. ఫైబర్ మేస్త్రీ దగ్గర అది తప్పకుండా ఉంటుంది, రెజిన్ అంటిన బ్రష్షులు కడుక్కోవడానికి. గట్టిపడిన జెల్‌కోటు కాసేపటి తుడుపును ఓర్చుకుంటుంది. కానీ తడిగుడ్డ పరిచి వదిలేస్తే మెత్తబడి కళ తప్పుతుంది. ఆఖర్న మిగిలిన చుక్కలకు మాత్రం గుడ్డతో ఒక తుడుపు తుడిచి వెంటనే నీళ్ళు పోయండి. థిన్నర్ ఒక పదార్థం కాదు, మిశ్రమం. ఏ డబ్బాలో ఏ పాళ్ళు ఉన్నాయో చూడగానే చెప్పలేం, అందుకే దాన్ని నేను చివరి వరసలో పెడతాను. పెట్రోలు వద్దే వద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువు. బోటు అడుగున చేరి నిలిచి ఉంటుంది. పక్కన ఎవరో ఒకరు బీడీ వెలిగించకుండా మన ఒడ్డున ఏ పనీ జరగదు.

ఇంకో రెండు అలవాట్లు. చేతికి అందుతుంది కదా అని గుప్పెడు ఇసుక తీసుకుని రుద్దడం మొదటిది. మన ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జు, అది జెల్‌కోటు కన్నా ఎంతో గట్టిది. జిగురుతోపాటు నునుపూ పోతుంది, ఆ గరుకులో మురికి స్థిరపడుతుంది. అంట్లు తోమే ఇనుప పీచు రెండోది. దాని సన్నని తునకలు జెల్‌కోటులో ఇరుక్కుని ఉప్పుగాలికి తుప్పు పడతాయి, కొన్నాళ్ళకు బోటు పక్కన గోధుమ రంగు చుక్కలు తేలుతాయి.

జిగురు పోయాక నూనె మిగులుతుంది. సర్ఫు కలిపిన మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి, సముద్రపు నీళ్ళతో కాదు. తర్వాత ఒక చెంబెడు నీళ్ళు పోసి చూడండి. నీరు పొరగా పరుచుకుని జారితే శుభ్రమైనట్టు. బొట్లు బొట్లుగా విడిపోతే నూనో మైనమో ఇంకా ఉన్నట్టు. అది ఉండగా పెయింటు వేయిస్తే ఆ మేర పెచ్చులూడడం ఖాయం.

బోటు మీద ఉన్నది జెల్‌కోటేనా?

ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి. ఎక్కడో మూలన కనపడని చోట తెల్లటి గుడ్డకు కాస్త థిన్నర్ పట్టించి రుద్దండి. గుడ్డకు రంగు జిగటగా దిగితే అది పైన వేసిన ఎనామిల్ పెయింటు. పొడిగుడ్డతో రుద్దినా పొడిపొడిగా రంగు వస్తే అది ఎండకు పిండి తేలిన జెల్‌కోటు కావచ్చు. పెయింటైతే థిన్నరూ అసిటోనూ మరచిపోండి. కొబ్బరినూనె, గోరువెచ్చని నీళ్ళు, ఓపిక. స్టిక్కర్‌తోపాటు పెయింటు కూడా ఊడి వచ్చిందంటే తప్పు పీకినవాడిది కాకపోవచ్చు. జెల్‌కోటును గరుకు చేయకుండా పెయింటు వేసి ఉంటారు.

అన్నీ పోయాక కూడా పేరు ఎందుకు కనిపిస్తోంది?

చేతి గడియారం విప్పితే కింద చర్మం ఒక రంగు, చుట్టూ ఒక రంగు. బోటు మీద జరిగిందీ అదే. ఏళ్ళ తరబడి ఎండకు చుట్టూ ఉన్న జెల్‌కోటు పైపొర విరిగింది, రెజిన్ పిండి తేలింది, రంగు వెలిసింది, మెరుపు పోయింది. స్టిక్కర్ కింద మాత్రం బోటు కొన్ననాటి జెల్‌కోటు అలాగే దాగి ఉంది. కనిపిస్తున్న అచ్చు మరక కాదు. బోటు మొత్తంలో బాగున్న చోటు అదొక్కటే.

దాన్ని తుడిచేయాలనుకునేవాడు ఏం చేస్తాడంటే, సరిగ్గా ఆ అక్షరాల మీదే ఉప్పుకాగితం పెట్టి, "ఇంకో నాలుగు రుద్దులకి పోద్ది లేన్నా" అంటాడు. పోదు. ఉన్న మంచి భాగం అరిగి అక్షరాలు గుంటలు పడతాయి, అప్పుడది శాశ్వతమవుతుంది. చేయి పెట్టాల్సింది అక్షరాల చుట్టూ ఉన్న వెలిసిన భాగం మీద. ముందు రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆ పక్క మొత్తం ఒకే తీరుగా రుద్ది చూడండి. పిండి మాత్రమే తేలిన బోటుకు అది చాలు. చాలకపోతే 1000 నంబరు వాటర్ పేపర్, తడిపి, తర్వాత 1500, 2000, మళ్ళీ కాంపౌండ్. పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే అక్షరాల అంచు దగ్గర సన్నని మెట్టు కనబడుతుంది. చుట్టూ ఉన్నది అంతమేర అరిగిపోయిందని దాని అర్థం.

ఇక్కడే అర మిల్లీమీటరు గుర్తు తెచ్చుకోవాలి. అరగదీసే ప్రతిసారీ ఆ పొదుపులోంచే ఖర్చు పెడుతున్నాం. మూలల దగ్గరా అంచుల దగ్గరా జెల్‌కోటు ఇంకా పలచగా ఉంటుంది. రుద్దేచోట గ్లాస్ ఫైబర్ అల్లిక నీడగా కనపడిందా, ఆపేయండి. అక్కడ జెల్‌కోటు అయిపోయినట్టే.

ఏమీ చేయకపోవడం కూడా ఒక పద్ధతి. దాగిన భాగం మీద ఇకనుంచి ఎండ పడుతుంది, అది కూడా వెలుస్తుంది. ఒకటి రెండు వేసవులకు తేడా తగ్గుతుంది. తెల్ల బోట్ల మీద త్వరగా కలిసిపోతుంది, నీలం, ఎరుపు బోట్ల మీద చాలాకాలం ఉంటుంది. ఇసుక మీద ఈడ్చి అలల్లోకి తోసే వేటబోటుకు 2000 నంబరు కాగితంతో మెరుపు తెప్పించడం నా లెక్కలో దండగ. పేరున్నంత మేర ఒక పట్టీగా గరుకు చేసి, కడిగి, ఎనామిల్ వేయించడం చవకా, గట్టిదీ.

ఏ రాత జోలికి పోకూడదు?

రిజిస్ట్రేషన్ నంబరు. 2008 ముంబై దాడుల్లో సాయుధులు సముద్రం మీదుగా, ఒక చేపల బోటును పట్టుకుని వచ్చారు. అప్పటినుంచి బోటు నంబరు మీద కోస్ట్ గార్డుకూ మెరైన్ పోలీసులకూ పట్టింపు పెరిగింది. మన బోట్ల నంబర్లు ఐఎన్‌డి-ఏపీ అని మొదలవుతాయి. నెల్లూరు తీరంలో దీనికి ఇంకో పక్క కూడా ఉంది. తమిళనాడులోని కడలూరు వైపు నుంచి వచ్చే సోనాబోట్లనే పెద్ద ఇంజిన్ బోట్లకూ మన చిన్న బోట్లకూ మధ్య గొడవలు పాతవే. వలలు తెంచుకుపోయిన బోటు ఏదో చెప్పాలంటే దూరం నుంచి కనపడేవి నంబరూ రంగే. బోటు కొన్నవారు ముందు మత్స్యశాఖ కాగితాల్లో పేరు మార్పించుకోవాలి, రాతలు తీయడం ఆ తర్వాతి పని.

పాత నంబరు స్టిక్కర్ తీసి అదే చోట కొత్త నంబరు వేయిస్తే, కిందినుంచి పాత నంబరు అచ్చు తొంగిచూస్తుంది. సముద్రం మీద వాలు వెలుతురులో రెండూ కలగలిసి ఏదీ చదవడానికి ఉండదు. పేరు విషయంలో అచ్చును ఎండకు వదిలేయొచ్చన్నాను గానీ నంబరు విషయంలో ఆ వెసులుబాటు లేదు. కాంపౌండ్‌తోనో పెయింటుతోనో దాన్ని పూర్తిగా కనపడకుండా చేయాలి.

ఊడిన వినైల్ ముక్కలను గాలికి వదలకుండా గోనెసంచిలో వేయండి, అక్కడే కుప్పేసి కాల్చవద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతూ కళ్ళూ మండుతాయి. కొత్త స్టిక్కర్ వేయించే ఆలోచన ఉంటే తాజా ఎనామిల్ మీద వెంటనే వద్దు. పైకి ఆరినట్టున్నా లోపలి థిన్నర్ కొన్ని రోజులపాటు బయటికి వస్తూనే ఉంటుంది, రేడియం కింద బుడగలు కడుతుంది. వారమైనా ఆగండి. లేదా పెయింటరు చేత బ్రష్షుతోనే రాయించండి, మళ్ళీ మార్చాల్సి వచ్చినప్పుడు పైన ఇంకో పూత వేస్తే సరిపోతుంది.